ఖరీదైన ఇనప గిన్నె కొంటే రక్తం పడుతుందా?

"డాక్టరుగారూ! ఆరు నెలలుగా ఇనప గిన్నెలోనే వండుకు తింటున్నామండీ. అయినా ఈవిడకి రక్తం పట్టడం లేదు. కారణం ఏమిటంటారు?"

ఆ మధ్య మా ఆసుపత్రి ఓ.పి.కి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి అడిగిన ప్రశ్న ఇది. పక్కన ఆయన భార్య కూర్చుని వుంది. వయస్సు ముప్ఫయి రెండు. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపలి పొర పాలిపోయి వుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, సాయంత్రానికి కాళ్ళు లాగడం. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.6 గ్రాములు వచ్చింది. గర్భిణి కాని స్త్రీకి కనీసం 12 గ్రాములు వుండాలి.

"ఎటువంటి గిన్నెమ్మా అది?" అని అడిగాను. ఆవిడ ఫోనులో ఫోటో చూపించింది. బయట ముదురు ఎరుపు, లోపల పాలలాంటి తెలుపు, పైన బరువైన మూత. ఖరీదు ఇరవై ఎనిమిది వేలు! నెలనెలా వాయిదాలు కడుతున్నారు.

"ఇనప గిన్నెలో వండితే రక్తం పడుతుందని అందరూ అంటుంటే, కొనేదేదో అన్నిటికంటె మంచిదే కొందామని కొన్నానండీ" అన్నాడాయన. భార్య ఆరోగ్యం కోసం అంత డబ్బు పెట్టిన మనిషిని తప్పు పట్టబుద్ధి కాలేదు. కాని నిజం చెప్పక తప్పదు. ఆ గిన్నెలో వండిన కూరకు ఇనుము తగలనే తగలదు!

పైగా, గిన్నె వచ్చింది కదా అని ఆవిడ అంతకు ముందు వేసుకునే ఐరన్ మాత్రలు మానేసింది. అసలు నష్టం జరిగింది అక్కడ.

గాజు తొడుగు వేసుకున్న ఇనుము

ఇటువంటి వాటిని ఎనామిల్ పూత వేసిన పోత ఇనుము పాత్రలు అంటారు. ఇనుమును కరిగించి అచ్చులో పోసి గిన్నె తయారు చేస్తారు. దాని మీద మెత్తని గాజుపొడి పట్టించి, సుమారు 800 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాలుస్తారు. గాజు కరిగి ఇనుముకు అతుక్కుపోతుంది. ఉత్తర ఫ్రాన్సులో 1925లో మొదలైన లె క్రూసె కంపెనీ ఈ రకం గిన్నెలకు ప్రపంచమంతటా పేరు తెచ్చింది. ఆ దేశంలో మాంసం, కూరగాయలు కలిపి సన్నని సెగమీద గంటల తరబడి మగ్గబెట్టే వంటకాలు ఎక్కువ. వాటికి ఈ గిన్నె చక్కగా అమరుతుంది.

ఎనామిల్ మనకేమీ కొత్తది కాదు. నీలం అంచుతో వుండే తెల్ల పళ్ళాలు, గ్లాసులు పెద్దవాళ్ళకు గుర్తుండే వుంటాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో దూది, కట్లు పెట్టుకునే తెల్ల ట్రేలు చాలాకాలం ఎనామిల్‌వే వుండేవి. పూత బాగున్నంతకాలం లోపలి ఇనుముకు తడి తగలదు. కిందపడి ఒక్క పెచ్చు లేచిందంటే మాత్రం అక్కడ నల్లమచ్చ, ఆ వెనుక తుప్పు మొదలవుతాయి.

మన ఇళ్ళల్లో ఇత్తడి గిన్నెలకు కళాయి పూత వేయించేవారు, గుర్తుందా? పులుపుకు ఇత్తడి తగలకూడదనే ఆ జాగ్రత్త. ఎనామిల్ చేసే పని కూడా అదే. లోహానికీ ఆహారానికీ మధ్య అది ఒక గోడ. ఆ గోడ కోసమే మీరు అంత డబ్బు ఇస్తున్నారు. కనుక గోడ అవతల వున్న ఇనుము కూరలోకి వస్తుందని ఆశించకూడదు.

మరి పెద్దలు చెప్పింది అబద్ధమా?

కానే కాదు. ఏ పూతా లేని మామూలు ఇనప మూకుడు, ఇనప బాణలి సంగతి వేరు. అందులో వండినప్పుడు కొంత ఇనుము ఆహారంలోకి దిగుతుంది. 1986లో అమెరికాలో 20 రకాల వంటకాలను ఇనప పాత్రలలో వండి పరీక్షించారు. పూతలేని ఇనుములో ఉడికిన టొమాటో సాసులో, 100 గ్రాములకు ఒక మిల్లీగ్రాము కూడా లేని ఇనుము సుమారు 6 మిల్లీగ్రాములకు చేరింది. పులుపు, తడి ఎక్కువగా వుండి, ఎక్కువసేపు పొయ్యిమీద వుండే వంటకంలోకి ఎక్కువ ఇనుము దిగుతుంది.

అలా దిగిన ఇనుము ఒంటికి పడుతుందా అని మీరు అడగవచ్చు. ఇథియోపియాలో కొన్ని కుటుంబాలకు ఇనప పాత్రలు, కొన్నిటికి అల్యూమినియం పాత్రలు ఇచ్చి ఏడాది తరువాత పిల్లల రక్తం పరీక్షించారు. ఇనప పాత్రల ఇళ్ళలోని పిల్లలకు హిమోగ్లోబిన్ సగటున 1.7 గ్రాములు పెరిగింది. అల్యూమినియం పాత్రల ఇళ్ళలో పెరిగింది 0.4 గ్రాములే. ఈ ఫలితాలు 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి.

మనకు ఈ విషయం ఎందుకంత ముఖ్యమో చూడండి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో రక్తహీనత వున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే ప్రతి ఇద్దరిలో ఒకరికి పైనే! ఈ వయస్సు స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము అందాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించింది. తెల్లన్నం, చారు, మజ్జిగతో గడిపే ఇల్లాలికి అందులో సగం అందడం కూడా కష్టమే. కాబట్టి కొన్ని వందల రూపాయలకు వచ్చే పెనం, వెయ్యీ పదిహేనువందలకు వచ్చే మూకుడు మీ వంటింట్లో వుండడం మంచిదే.

మూకుడు వాడకంలో మెళకువలు

కొత్త మూకుడును బాగా కడిగి, పొయ్యిమీద ఆరబెట్టి, లోపలా బయటా పల్చగా నూనె రాసి, పొగ వచ్చేదాకా కాల్చి చల్లార్చండి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే నున్నగా నల్లబడి కూర అంటుకోకుండా వస్తుంది. వాడిన తరువాత తడి లేకుండా తుడిచి చుక్క నూనె రాసి వుంచండి. తుప్పు పట్టిన మూకుట్లో వండితే ఇంకా ఎక్కువ ఇనుము వస్తుందనుకోవద్దు. తుప్పు వదలగొట్టి, మళ్ళీ నూనె పట్టించాకే వాడాలి.

తోటకూర, బచ్చలికూర, బెండకాయ, వంకాయ కూరలు, వేపుళ్ళు, అట్లు వీటిలో చేసుకోండి. టొమాటో ముక్కలు మగ్గనివ్వవచ్చు. కాని చింతపండు పులుసు, గోంగూర గంటల తరబడి ఉడికిస్తే నల్లబడి, నోటికి ఇనుము రుచి తగులుతుంది. ఏది వండినా దించగానే స్టీలు గిన్నెలోకి తీసేయండి. మూకుట్లోనే మర్నాటిదాకా వుంచకూడదు.

ఇనుము కడుపులోకి పోతే చాలదు, ఒంటికి పట్టాలి. అన్నంతోపాటు నిమ్మకాయ, ఉసిరికాయ, జామకాయ ఏదో ఒకటి తీసుకుంటే బాగా పడుతుంది. భోజనం కాగానే కాఫీ, టీ తాగితే ఆ మేలు పోతుంది. కనీసం గంట ఆగండి.

ఒక్క ముఖ్యమైన హెచ్చరిక. తలసేమియా వ్యాధితో తరచు రక్తం ఎక్కించుకునే పిల్లల ఒంట్లో ఇనుము ఇప్పటికే ఎక్కువగా పేరుకుని వుంటుంది. వారికి ఇనప మూకుట్లో వండి పెట్టకూడదు. అటువంటి ఇంట స్టీలు గిన్నెలే వాడాలి.

గిన్నె మందు కాదు

మూకుడైనా సరే, అది రోజువారీ లోటును కొంత పూడుస్తుంది. అంతే. హిమోగ్లోబిన్ 7, 8 గ్రాములకు దిగిన మనిషికి వంటపాత్ర వైద్యం కాదు. గర్భిణులకు ఇచ్చే ఒక్క ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము వుంటుంది. ఏ మూకుడూ అంత నికరంగా ఇవ్వలేదు. ఈ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా దొరుకుతాయి. వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది, భయపడవలసినదేమీ లేదు. కొందరికి మలబద్ధకం, కడుపులో వికారం కలుగుతాయి. అప్పుడు మానెయ్యకుండా డాక్టరుకు చెబితే వేళ మార్చి గాని, రకం మార్చి గాని ఇస్తారు.

అంతకంటె ముఖ్యం, రక్తం ఎందుకు తగ్గిందో కనిపెట్టడం. బహిష్టులో అధిక రక్తస్రావం, మొలలు, కడుపులో పుండు, కొంకిపురుగులు, వీటిలో ఏదైనా కావచ్చు. చిల్లికుండలో నీళ్ళు పోస్తే నిలుస్తాయా? మా పేషెంటును విడిగా అడిగితే, నెలనెలా తొమ్మిది పది రోజులు గడ్డలుగా పోతోందని తలవంచుకుని చెప్పింది. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదట. ఆరునెలలపాటు గిన్నెమీద పెట్టుకున్న నమ్మకం ఆ సంగతి బయటపడకుండా చేసింది.

అయితే ఎనామిల్ గిన్నె దండగేనా?

అలాగని అనను. దాని గుణాలు దానికున్నాయి. పూత బాగున్న గిన్నెలో సాంబారు, పులుసు, టొమాటో పప్పు నిర్భయంగా వండవచ్చు. రుచి మారదు. వేడి చాలాసేపు నిలుస్తుంది. ఇండక్షన్ పొయ్యిమీద కూడా పనిచేస్తుంది. జాగ్రత్తగా వాడితే దశాబ్దాలు మన్నుతుంది.

లోపాలు కూడా వినండి. అయిదు లీటర్ల గిన్నె మూతతో కలిపి సుమారు 5 కిలోలు తూగుతుంది. నిండా సాంబారు వుంటే పది కిలోలు! నడుం నొప్పి, మెడ నొప్పి, మణికట్టు నొప్పి వున్నవారు, పెద్దవయస్సు వారు వేడి వేడిగా దాన్ని దించబోయి ఒంటిమీద పోసుకునే ప్రమాదముంది. ఖాళీ గిన్నెను పెద్దమంట మీద పెడితే పూత పగులుతుంది. కాలిన గిన్నెలో చన్నీళ్ళు పోసినా అంతే. స్టీలు గరిటెతో గీకకూడదు, ఇనప పీచుతో తోమకూడదు. పనిమనిషి తోమే ఇళ్ళలో ఈ జాగ్రత్త ఎంతవరకు సాగుతుందో మీరే ఆలోచించుకోండి. లోపలి పూత పెచ్చులూడితే ఇక వంటకు వాడవద్దు. ఆ గాజు పెచ్చులు అన్నంలో కలుస్తాయి.

చౌకగా వస్తున్నాయని ఊరూ పేరూ లేని రంగురంగుల గిన్నెలు కొనకండి. ఎరుపు, పసుపు రంగులలో కాడ్మియం, సీసం వుండవచ్చు. లోపలివైపు తెల్లగా గాని నల్లగా గాని వుండి, ఆహారానికి పనికి వస్తుందని తయారీదారు పేరుతో హామీ వున్నవే తీసుకోండి.

ఇక తేల్చి చెప్పేదేమిటంటే, ఆరోగ్యం కోసమైతే ఎనామిల్ గిన్నె కొననవసరం లేదు. పుల్లని వంటలకు మంచి స్టీలు గిన్నె చాలు. మిగతా కూరలకు మామూలు ఇనప మూకుడు మేలు. సన్నని సెగ వంటల మీద సరదా వుండి, చేతిలో మిగులు డబ్బుండి, ఎత్తి దించే ఓపిక వుంటే కొనుక్కోండి. అప్పు చేసి మాత్రం కొనకండి. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదీ ఒకసారి రక్తపరీక్ష చేయించుకుని, ఏడాదంతా ఆకుకూరలు, గుడ్లు, పళ్ళు తినవచ్చు.

మా పేషెంటును స్త్రీల వైద్యనిపుణురాలి దగ్గరికి పంపించాను. గర్భసంచిలో కంతి వున్నట్టు తేలింది. రక్తస్రావానికి మందులు ఇచ్చారు, ఐరన్ మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. నాలుగు నెలలకు హిమోగ్లోబిన్ 11.2కు వచ్చింది. ఈసారి మెట్లెక్కి వచ్చినా ఆయాసం లేదు.

"గిన్నె ఏం చేశారమ్మా?" అన్నాను.

"సాంబారుకి వాడుతున్నామండీ. కూరలు మాత్రం అటకమీద పడివున్న మా అత్తగారి మూకుడు దించి, అందులో చేస్తున్నాను" అంది.

మీ ఇంటి అటకమీద కూడా అటువంటిది ఒకటి వుందేమో చూడండి. దానికంటె ముందు, మీ ఇంటి ఆడవాళ్ళ రక్తం ఎంత వుందో పరీక్ష చేయించండి.