ఊకదంపుడుకు ఇంగ్లీషులో ఎన్ని పేర్లో!

ఇంగ్లీషులో గడగడా మాట్లాడేవాళ్ళని చూస్తే మన హాస్టల్ పిల్లలకి భయభక్తులు ఎక్కువ. వాళ్ళు చెప్పింది అర్థం కాకపోతే లోపం మనదే అనుకుని తల వంచుకుంటాం. కానీ మిత్రులారా, పస లేని మాటలకు ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్నన్ని పేర్లు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. నాన్సెన్స్, రబ్బిష్ మనం క్లాసులో రోజూ వినేవే (ఎక్కువగా మన గురించే!). మిగతావాటి పుట్టుక ఇంకా తమాషాగా ఉంటుంది.

'బంకం' ఒక జిల్లా పేరులోంచి పుట్టింది. మిస్సోరీని బానిసత్వం ఉన్న రాష్ట్రంగా చేర్చుకోవాలా వద్దా అని 1820లో అమెరికా కాంగ్రెస్‌లో పెద్ద చర్చ జరిగింది. మనుషుల్ని సంతలో పశువుల్లా కొని అమ్మే ఆచారం గురించిన చర్చ అది. అంతటి సమయంలో నార్త్ కరోలినా సభ్యుడు ఫెలిక్స్ వాకర్ లేచి సాగదీయడం మొదలుపెట్టాడు. ఓటింగు పెట్టండని తోటి సభ్యులు కేకలేసినా వినలేదు. తాను బంకం జిల్లా జనం కోసం మాట్లాడాలన్నాడు. అంటే విషయం తేలడం ముఖ్యం కాదు, మా నాయకుడు మాట్లాడాడని ఓటర్లకి తెలిస్తే చాలు. అలా ఆ జిల్లా పేరే ఉత్తుత్తి ఉపన్యాసాలకి పేరైపోయింది. దాన్ని కుదించి 'బంక్' అన్నారు. మనం క్లాసు బంక్ కొట్టడానికీ దీనికీ చుట్టరికం లేదు లెండి.

'క్లాప్‌ట్రాప్' నాటకాలవాళ్ళ మాట. చప్పట్ల కోసం పన్నిన వల అని అర్థం. 'హాగ్‌వాష్' అంటే పందులకి పోసే కుడితి. మన ఊకదంపుడు కూడా వీటికి తీసిపోదు. ఊకని ఎంత దంచినా గింజ రాదు కదా!

ఒక్క 'మంబో జంబో' మాత్రం నాకు నచ్చదు. పశ్చిమ ఆఫ్రికాలో ముసుగు వేసుకొచ్చి ఇంటి తగవులు తీర్చే వేషధారి గురించి 18వ శతాబ్దపు యూరప్ యాత్రికులు రాసిన పేరది. తమకి అర్థం కాని ఆచారం పేరునే అర్థం లేని మాటలకి పెట్టేశారు. ఎవరి మాట ఎవరికి పిచ్చి వాగుడుగా వినిపిస్తుందో చూడండి.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది 'గాబుల్‌డీగుక్'. రెండో ప్రపంచ యుద్ధకాలంలో చిన్న ఫ్యాక్టరీల కోసం పెట్టిన ప్రభుత్వ సంస్థకి టెక్సాస్‌వాడు మౌరీ మావెరిక్ అధిపతి. ఆఫీసు కాగితాల్లోని నారికేళపాకం చూసి విసిగిపోయి, సూటిగా రాయండని 1944లో సిబ్బందికి ఉత్తర్వు ఇచ్చాడు. 'యాక్టివేషన్', 'ఇంప్లిమెంటేషన్' అని రాసినవాణ్ణి కాల్చేస్తానని అందులో హాస్యమాడాడు. ఆ భాషకి ఆయన పెట్టిన పేరే ఇది. ఒళ్ళు విరుచుకుని గొబగొబమని అరిచే టర్కీ కోడి గుర్తొచ్చి పెట్టానన్నాడు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. అందుకని మా వాడలో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. మొన్న మా పెద్దమ్మ పింఛను గురించి ఒక ఆఫీసు నుంచి ఇంగ్లీషులో పేజీడు ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు ఎం.ఏ. చదివిన నేను మూడుసార్లు చదివినా ఏం కావాలో అందులో కనిపించలేదు. ఇద్దరం వెళ్ళి, "ఏం తేవాలో తెలుగులో చెప్పండి సార్" అని అడిగాం. ఆధార్ జిరాక్స్ ఒకటి తక్కువైందట. ఆ ముక్క ఆ పేజీ మొత్తంలో ఎక్కడా లేదు.