గుఱియు గర్జనయు

పేరును బట్టి వస్తువును కొలుచువారికి "మాగ్నం" అను మాట మంచి పాఠము. లాటిను భాషలో దీనికి "గొప్పది" యని యర్థము. మన సంస్కృతమునందలి "మహత్తు"నకు ఇది దాయాది శబ్దము. సాటి తూటాలకంటె హెచ్చు శక్తిగల తూటాలకు పాశ్చాత్యులు ఈ పేరును తగిలించిరి. 1935లో స్మిత్ అండ్ వెస్సన్ వారు .357 మాగ్నం రివాల్వరును వెలువరించినది మొదలు చేతితుపాకులలో ఈ పేరునకు ప్రఖ్యాతి గలిగెను. 1959లో వించెస్టరు వారు, అంగుళములో ఐదవ వంతునకు కొంచెము మించిన వెడల్పుగల .22 తూటాకు సైతము ఈ బిరుదము నొసగిరి. దానిని కాల్చు రివాల్వరులు అమెరికాలోని గుఱి మైదానములలో నేటికిని వాడుకలో నున్నవి. ఈ చిన్న ఆయుధము నేర్పు పెద్ద పాఠమును గూర్చి పాఠకులకు విన్నవింప నెంచితిమి.

సామాన్యమైన .22 తూటాకును ఈ మాగ్నమునకును గుండు బరువులో చెప్పదగిన భేదము లేదు. రెంటికిని సాధారణముగా 40 గ్రెయినులు, అనగా రెండున్నర గ్రాములకు కొంచెము పైమాట. భేదమంతయు మందులోను, దానివలన పుట్టు వేగములోను గలదు. పొడవైన రైఫిలునుండి మాగ్నం గుండు సెకండునకు సుమారు 1,900 అడుగుల వేగముతో వెడలును. అయితే ఆ మందు రైఫిలు గొట్టము పొడవునకు తగినట్లు నిదానముగా కాలునట్టిది. ఆరంగుళముల రివాల్వరు గొట్టములో అది పూర్తిగా కాలుటకు వ్యవధి చాలదు. మిగిలినది గొట్టము మూతి వెలుపల మంటగాను మ్రోతగాను వ్యర్థమగును. వేగమో, వందలకొలది అడుగులు తగ్గును. చేతికి తగులు తాకిడి స్వల్పము, చెవికి తగులు దెబ్బ ఘోరము.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. చేయి భయపడుటకు కారణము లేకున్నను చెవి భయపడును. ఆ భయము చేతికి దిగును. ట్రిగ్గరును నొక్కుటకు లిప్తకాలము ముందుగనే కన్ను మూతపడును, మణికట్టు వంగును, గుండు గుఱికి దిగువను తగులును. కాల్చినవాడు తుపాకిని నిందించును, తూటాను నిందించును. నేర్పరులు దీనికి చేయు చికిత్స మిక్కిలి సులభమైనది. ఆరు గదుల చక్రములో మూడింట తూటాలను, మూడింట కాల్చిన ఖాళీ గుల్లలను ఉంచి, చూడకుండ త్రిప్పి, చేతికిత్తురు. సుత్తి ఖాళీ గుల్లపై పడినపుడు మ్రోత లేదు, తాకిడియు లేదు. అయినను తుపాకి మూతి క్రిందికి వంగినచో దోషమెవరిదో కాల్చినవాడే కన్నులార చూచును. ఇంతకంటె నిష్పక్షపాతమైన న్యాయస్థానము వేఱొకటి యుండదు.

లోకములోని పోటీలు ఈ సత్యమునే చాటుచున్నవి. ఒలింపిక్ క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు పందెమునకు వాడునది మాగ్నం కాదు. దానికంటె బలహీనమైన మామూలు.22 తూటాయే. స్త్రీల పందెములో తొలి 30 గుండ్లను నిదానముగా కాల్చు లక్ష్యమునందు పది మార్కుల వలయము వెడల్పు 5 సెంటీమీటర్లు మాత్రమే. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో మన హైదరాబాదు యువతి ఈషా సింగ్ ఈ పందెమున రజత పతకమును, జట్టుతో స్వర్ణమును గెలుచుకొనినది. ఆమెకు విజయమిచ్చినది తూటా బలము కాదు. కదలని మణికట్టు, నిలుకడగల మనస్సు.

మాగ్నమును చేపట్టువారు మఱవరాని నియమములు కొన్ని కలవు. చెవిమూతలు, కంటద్దములు లేక మైదానమున అడుగిడరాదు. పెనుమ్రోతకు లోపలి చెవిలో నశించిన సూక్ష్మ కణములు మరల మొలవవు. చక్రమునకును గొట్టమునకును నడుమనున్న సందునుండి వేడి ఆవిరియు సీసపు తునకలును వెడలును గావున వ్రేళ్ళను అచ్చటికి చేర్చరాదు. సామాన్య .22 తూటా మాగ్నం గదిలో దూరును గాని వదులుగా నుండి చిట్లవచ్చును. అందుచేతనే కొన్ని రివాల్వరులకు రెండు చక్రములను వేఱుగా ఇత్తురు. అన్నిటికంటె ముఖ్యము, గుఱి వెనుక ఏమున్నదో ఎఱుగుట. ఈ చిన్న గుండు మైలునకు పైగా పోగలదు. సరయూ తీరమున కడవ మునిగిన సవ్వడిని ఏనుగు ఘీంకారమని భ్రమించి బాణము వదలిన దశరథుడు విలువిద్య తెలియనివాడు కాడు. కనబడనిదానిపై కాల్చుటయే ఆయన చేసిన అపరాధము. దాని ఫలము అయోధ్యయంతయు అనుభవించినది.

మన దేశమున ఆయుధము 1959 నాటి చట్టము క్రింద లైసెన్సుతో లభించునది. లైసెన్సు పొందిన గృహస్థులలో ఎందఱు ఏడాదికొకసారియైన గుఱి మైదానమునకు పోవుచున్నారు? బీరువాలో భద్రపఱచిన తుపాకిని పెండ్లి యూరేగింపులో వెలికిదీసి ఆకాశమునకు కాల్చి, అదియే ప్రతిష్ఠ యనుకొను వారు దేశమున కొన్ని తావుల నున్నారు. పైకి పోయిన గుండు క్రిందికి రాక తప్పదు; అది ఎవరి బిడ్డ నెత్తిన పడునో కాల్చినవాడెఱుగడు. ఇట్టి వేడుక కాల్పులను 2019 నాటి చట్టసవరణ శిక్షార్హమైన నేరముగా చేసినది. చట్టము చేయవలసినది చేసినది. మిగిలినది ఆయుధధారుల విజ్ఞతకు చెందినది. మ్రోతకొఱకు తుపాకిని కోరువారు దీపావళి టపాకాయలతో తృప్తినొందుట మేలు. తుపాకినే కోరువారు మొదట మామూలు తూటాతో, ఖాళీ గుల్లలతో, తమ చేతిని తామే పరీక్షించుకొందురు గాక. ఆ పరీక్షలో నెగ్గినవారి చేతిలో మాగ్నం క్షేమముగా నుండును. వారి ఇరుగుపొరుగులును క్షేమముగా నుందురు.