డబ్బా మీద పేరు చదవండి, 108లో డాక్టరు వింటారు

పత్తికి, మిరపకి మందు కొట్టే రోజులు కదా, చాలామంది ఒకటే అడుగుతున్నారు: "108 బండిలో డాక్టరు ఉండరు, మరి అందులో వైద్యం ఏం జరుగుతుంది?" అని.

బండిలో ఉండేది ఈఎంటీ, అంటే అత్యవసర వైద్యంలో శిక్షణ తీసుకున్న మనిషి. డాక్టరు కాల్ సెంటర్‌లో ఉంటారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సర్వీసులో ఇది ముఖ్యమైన ఏర్పాటు. నాడి, బీపీ, కంటిపాప ఎలా ఉన్నాయో ఈఎంటీ ఫోన్‌లో చెబితే, ఏ ఇంజెక్షన్ ఎంత ఇవ్వాలో డాక్టరు అక్కణ్ణుంచే చెబుతారు. టెలిమెడిసిన్ అనగానే పెద్ద స్క్రీన్లు గుర్తొస్తాయి గానీ, ఈ ఫోన్ కాల్ కూడా అదేనండీ.

పెదనందిపాడు వైపో పర్చూరు వైపో ఒక చేను అనుకోండి. మధ్యాహ్నం ఎండలో మందు కొడుతూ మనిషి పడిపోయాడు. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, కంటిపాప సూదిమొనంత అయిపోయింది. మోనోక్రోటోఫాస్ లాంటి మందు విషం ఇలాగే కనిపిస్తుంది. దానికి విరుగుడు అట్రోపిన్. ఊపిరితిత్తుల్లో నెమ్ము తగ్గేదాకా డోసు పెంచుతూ ఇస్తారు. అదే కలుపుమందు పారాక్వాట్ కడుపులోకి పోయిందనుకోండి, లెక్క మొత్తం మారిపోతుంది. దానికి విరుగుడే లేదు. పైగా అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా దెబ్బతింటాయి.

అంటే ఫోన్‌లో ఉన్న డాక్టరుకి కళ్లు మీరే. డబ్బా చేతిలో పట్టుకుని పేరు చదవండి. చదవడం రాకపోతే త్రికోణం రంగు చెప్పండి: ఎరుపైతే అతి విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎప్పుడు పడిపోయాడు, తాగాడా, ఒంటి మీద పడిందా అన్నది కూడా చెప్పాలి. ఇక్కడ పరువు కోసం దాచొద్దండీ, వైద్యమే మారిపోతుంది.

బండి వచ్చేలోపు తడిసిన బట్టలు తీసేసి, సబ్బు నీళ్లతో ఒళ్లు కడగండి. మీ చేతులకి కవరైనా తొడుక్కోండి. స్పృహ లేకపోతే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మనవాళ్లు ఒకే ట్యాంకులో రెండు మూడు మందులు కలుపుతారు కదా, అన్ని పేర్లూ చెప్పాలి. డబ్బాలు కూడా బండిలో పంపండి. కొందరు మందుని మంచినీళ్ల సీసాలో పోయించుకుని తెచ్చుకుంటారు. అప్పుడు డాక్టరుకి చెప్పడానికి పేరే ఉండదు.