నేరేడు మరకకు సబ్బు రాస్తే నీలంగా మారుతుందేం?

నేరేడు పండు జారి తెల్ల చొక్కా మీద పడింది. గబగబా సబ్బు రాశారు. ఊదా మరక కాస్తా నీలానికి తిరిగింది! తప్పు సబ్బుది కాదు.

నేరేడు తొక్కలో ఆంథోసయనిన్లనే రంగు పదార్థాలుంటాయి. నల్ల ద్రాక్షలోనూ ఇవే. రెడ్ వైన్ ఎరుపూ వీటి చలవే. వీటిది ఊసరవెల్లి బుద్ధి. పులుపు తగిలితే ఎర్రబడతాయి, క్షారం తగిలితే నీలమవుతాయి. బట్టల సబ్బు క్షారమే కదా! ఆ నీలం మీద నిమ్మరసం పిండితే మళ్లీ ఎరుపెక్కుతుంది. రంగు మారిందే తప్ప మరక పోలేదన్నమాట.

అసలెందుకు వదలదు? నూలుపోగు నీళ్లను ఇట్టే పీల్చుకుంటుంది. ఈ రంగు నీళ్లలో కరిగేదే కాబట్టి రసంతో పాటే పోగులోకి దూరిపోతుంది. ఆరిందా, ఇక మొండికేస్తుంది. పాలియెస్టర్ అంతగా పీల్చదు, అందుకే దాని మీద మరక తేలిగ్గా వదులుతుంది.

అందుకని తడి ఉండగానే పొడి గుడ్డతో అద్దండి. రుద్దితే మరక ఇంకా పాకుతుంది. తర్వాత బట్ట తిరగేసి చన్నీళ్ల ధార కింద పట్టండి. ఉతకలేని తివాచీ మీదైతే ఉప్పు పోస్తారు, అది తడిని లాగుతుంది.

అప్పటికీ మిగిలితే మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంది. అది రంగును కడగదు, రంగు అణువునే విరగ్గొడుతుంది. ఆ ముక్కలకు రంగుండదు. ఈ పని పెద్దవాళ్లకే వదిలేయండి. అదీ తెల్ల నూలు బట్టకే. అమ్మ పట్టుచీర మీద మాత్రం ప్రయోగాలొద్దు!