అరుగు మీద అల్లిక బడి

నరసాపురం: మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అంట్లు తోమడం అయింది. మగవాళ్లు చేల వైపు, చెరువుల వైపు వెళ్లారు. వీధి అరుగు మీద నీడ పడింది. పక్కింటి వదినగారు చేతిసంచీ పట్టుకుని వచ్చి కూర్చున్నారు. ఎదురింటి కోడలు పిల్లను ఒళ్లో వేసుకుని వచ్చింది. మూలింటి మామ్మగారు కళ్లజోడు తుడుచుకుంటూ గోడకు చేరగిలబడ్డారు. సంచుల్లోంచి దారపు ఉండలు, సూదులు బయటికి వచ్చాయి. ఇక చేతులూ ఆగవు, మాటలూ ఆగవు.

"వదినా, నా చక్రం చూడండి. బల్లపరుపుగా ఉండాల్సింది గిన్నెలా పైకి లేస్తోంది."

"లేవక ఏం చేస్తుంది? మూడో వరుసలో ఎన్ని కుట్లు వేశావు?"

"ముప్ఫై."

"ముప్ఫై ఆరు ఉండాలమ్మా. ఆ వరుస విప్పెయ్. ఏం పరవాలేదు, దారం ఎక్కడికీ పోదు."

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల గ్రామాల్లోను, వశిష్ఠకు అవతల రాజోలు వైపు ఊళ్లలోను ఇటువంటి మాటలు కొత్త కాదు. దారిన పోయేవారికి ఇవి పొద్దుపోని కబుర్లలా వినిపిస్తాయి. కాని దేశదేశాల ఇళ్లలో బల్లల మీద పరుచుకున్న గోదావరి లేసు ఈ కబుర్లలోనే పుట్టింది, ఈ కబుర్లలోనే ఒక తరం నుంచి మరో తరానికి చేరింది. ఈ విద్యకు వేరే బడి లేదు, పంతులు లేరు. అరుగే బడి.

దొరసానులు తెచ్చిన సూది

19వ శతాబ్దంలో ఈ డెల్టాకు వచ్చిన క్రైస్తవ మిషనరీల భార్యలు ఇక్కడి పేద స్త్రీలకు ఈ అల్లిక నేర్పారు. కొనకు చిన్న కొక్కెం ఉన్న ఒకే ఒక సూది, నూలు దారం: పెట్టుబడి అంతే. 20వ శతాబ్దం మొదటి రోజులకే ఇక్కడి లేసు ఓడలెక్కి విదేశాలకు వెళ్లడం మొదలయింది. గడప దాటి కూలికి వెళ్లే ఆచారం లేని కుటుంబాల స్త్రీలు కూడా ఇంట్లో కూర్చునే నాలుగు డబ్బులు కళ్లజూసే మార్గం దొరికింది. పంట పోయిన ఏడు కూడా పిల్లలకు గంజి దొరికిందంటే అది అమ్మ చేతి సూది చలవే అని చెప్పుకునే ఇళ్లు ఈ ప్రాంతంలో ఉన్నాయి.

చలి దేశాల్లో రెండు సూదులతో ఉన్ని దుస్తులు అల్లుతారు. అందులో వరుసలోని ఉచ్చులన్నీ సూది మీదే ఉంటాయి. ఒక్కటి జారినా కింది దాకా చీలిపోతుంది. మన లేసు అల్లికలో అలా కాదు. ఎంత పెద్ద పని అయినా ఏ క్షణానికైనా సూది మీద సాధారణంగా మిగిలేది ఒక్క ఉచ్చే. తప్పు వచ్చిందా, సూది తీసి దారం లాగితే తప్పు దగ్గరికి తిన్నగా చేరుకోవచ్చు. "విప్పెయ్, పరవాలేదు" అనే మాట అరుగు మీద అంత సులువుగా వినిపించడానికి కారణం ఇదే. నేర్చుకునే పిల్లకు ఇంతకన్నా ధైర్యమిచ్చే మాట మరొకటి లేదు.

అరుగు పాఠాలు

అరుగు మీద ఉచితంగా దొరికే సలహాలు కొన్ని ఇక్కడ గుదిగుచ్చి ఇస్తున్నాం. కొత్తగా సూది పట్టినవారికి పనికొస్తాయి.

గుండ్రటి పని గిన్నెలా లేస్తే కుట్లు తక్కువయ్యాయని అర్థం. చీర కుచ్చిళ్లలా అలలు పోతే ఎక్కువయ్యాయని అర్థం. సూదికి ఒకసారి దారం చుట్టి అల్లే పొడుగు కుట్టయితే 12తో మొదలుపెట్టి ప్రతి వరుసకూ 12 పెంచాలి. అంటే 12, 24, 36, 48. చుట్టకుండా వేసే పొట్టి కుట్టయితే 6తో మొదలుపెట్టి 6 చొప్పున పెంచాలి. ఈ రెండు లెక్కలు నోటికొస్తే చక్రం సాధారణంగా చదునుగా వస్తుంది.

మొదటి గొలుసు బిగిసిపోతే పైవరుసలు వెడల్పుగా, అడుగు ఇరుకుగా ఉండి పని విల్లులా వంగుతుంది. గొలుసు వరకు కాస్త లావు సూదితో అల్లి, పైవరుసకు అసలు సూదికి మారితే సరిపోతుంది.

నలుచదరంగా ఉండాల్సిన ముక్క క్రమంగా కోసుగా తయారవుతోందంటే చివరి కుట్టు వదిలేస్తున్నారన్నమాట. వరుస తిరిగేటప్పుడు వేసే 3 గొలుసులు కూడా ఒక పొడుగు కుట్టు కిందే లెక్క. తిరిగి వచ్చేటప్పుడు దాని తల మీద కుట్టు వేయడం మరిచిపోకూడదు.

దారం నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 10 నంబరు ముతక, 40 నంబరు సన్నం. 10 నంబరుకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల సూది, 40 నంబరుకు ఒక మిల్లీమీటరు లేక అంతకన్నా సన్నటి సూది వాడాలి. సన్న దారానికి లావు సూది పెడితే పువ్వు వదులై వేలాడుతుంది.

దారం అయిపోయినప్పుడు నడిమధ్యన ముడి వేయకూడదు. ఉతికితే ఆ ముడి పైకి లేస్తుంది, లేదా విడిపోతుంది. పాత కొస, కొత్త కొస నాలుగేసి అంగుళాలు వదిలి, వాటిని కలుపుకుంటూ పైనుంచి కుట్లు వేసుకుపోతే జాడ తెలియదు.

ఉండ నేల మీద దొర్లకుండా గిన్నెలో వేసుకోవాలి. చేతులు కడుక్కుని, చెమట తుడుచుకునే గుడ్డ పక్కన పెట్టుకోవాలి. తెల్ల దారం అల్లేటప్పుడు ఒళ్లో ముదురు రంగు గుడ్డ పరుచుకుంటే కుట్లు స్పష్టంగా కనిపిస్తాయి, కళ్లకు శ్రమ తగ్గుతుంది. దీపం వెలుగులో సన్న పని పెట్టుకోవద్దని పెద్దవాళ్లు ఊరకే అనరు. అరగంటకొకసారి సూది పక్కన పెట్టి, మెడ తిప్పి, వేళ్లు చాపి, దూరంగా ఉన్న కొబ్బరిచెట్ల వైపు కాసేపు చూడాలి.

పని పూర్తయ్యాక గోరువెచ్చని నీటిలో మెత్తటి సబ్బుతో ఉతకాలి. పిండకూడదు. తువ్వాలు మధ్య పెట్టి అద్ది, పలచటి గంజి పెట్టి, గుడ్డ పరిచిన బల్ల మీద ఆకారం సరిచేసి గుండుసూదులతో బిగించి ఆరనివ్వాలి. ఇస్త్రీ వెనకవైపు నుంచే చేయాలి.

ఇవన్నీ ఒక్క రోజులో ఒక్కరే చెప్పేవి కావు. ఒకటి పిన్ని చెబుతుంది, ఒకటి తోటికోడలు చెబుతుంది, మరొకటి తన తప్పులోంచి తనకే తెలుస్తుంది. తెలిసినదాన్ని మర్నాడు అరుగు మీద పది మందికీ చెబుతుంది.

కబుర్లలోనే లెక్కలు

అరుగు మీద కుట్ల సంగతే కాదు, కూలి సంగతి కూడా నడుస్తుంది. "మీ ఏజెంటు డజనుకెంత ఇస్తున్నాడు? దారం తూచి ఇస్తున్నాడా? పోయినసారి డబ్బు ముట్టిందా?" అన్న ప్రశ్నలు పిల్లల చదువులు, కూరల కబుర్ల మధ్యనే దొర్లుతాయి. ఎవరింట్లో వారు తలుపులేసుకుని అల్లుకుంటే ఈ సంగతులు తెలియవు. పక్క వీధి రేటు తెలియని మనిషి చెప్పిన రేటుకు తలూపక తప్పదు.

ఈ పనిలో పని పంపకం కూడా ఉంది. కొందరు పువ్వులు మాత్రమే అల్లుతారు. మరికొందరు వాటిని కలిపే అతుకు పని చేస్తారు. పూర్తయిన బల్లగుడ్డ ఎంతకు అమ్ముడుపోతుందో పువ్వు అల్లిన మనిషికి కనిపించదు. పది మంది కూర్చున్న చోటయితే పువ్వు నుంచి బల్లగుడ్డ దాకా కథంతా తెలిసే వీలుంది.

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ ప్రాంతపు లేసు స్త్రీలను గురించి పరిశోధన చేసి 1982లో ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించారు. ఈ స్త్రీలను అందరూ ఇల్లాళ్లు అంటారు, వీరు చేసేది తీరిక పని అంటారు, నిజానికి వీరు ఇంటి చాకిరీతో పాటు రోజూ గంటల తరబడి ప్రపంచ మార్కెట్టు కోసం పనిచేస్తున్నారు అన్నది ఆమె తేల్చిన ముఖ్య విషయం. తీరిక పని అన్న పేరు ఉన్నంత కాలం దానికి కట్టే వెల కూడా తీరిక వెలగానే ఉంటుంది.

దీన్ని ఎవరికి వారే లెక్క కట్టుకోవచ్చు. ఒక పువ్వు అల్లడానికి 20 నిమిషాలు పడుతుందనుకుందాం. 48 పువ్వులకు 960 నిమిషాలు, అంటే 16 గంటలు. అతుకు పని, గంజి, ఇస్త్రీ వేరు. వచ్చిన డబ్బును ఆ గంటలతో భాగిస్తే గంటకెంత పడిందో తేలుతుంది. దారం లెక్క కూడా అంతే. ఒక పువ్వు అల్లి తూయించాలి. 3 గ్రాములయితే 48 పువ్వులకు 144 గ్రాములు. అతుకులకు మరికొంత కలుపుకోవాలి. రంగు దారమయితే మొత్తం ఒకేసారి కొనడం మంచిది. ఒకే రంగయినా వేరువేరు విడతల్లో అద్దిన దారాల మధ్య ఛాయ తేడా వస్తుంది.

కూలికి అల్లేవారితో పాటు సరదాకు అల్లేవారూ ఇదే అరుగు మీద కూర్చుంటారు. ఒకరు గుమ్మానికి తోరణం, ఒకరు పుట్టబోయే మనవడికి టోపీ, మరొకరు పెళ్లికూతురికి ఇవ్వడానికి దిండు గలీబు అంచు అల్లుకుంటారు. సరదాగా అల్లే మనిషికి గడువు లేదు. కొత్త నమూనా పట్టుకుని పదిసార్లు విప్పి పదకొండోసారి సాధిస్తుంది. గడువు మీద అల్లే మనిషికి ఆ తీరిక ఉండదు. ఆమె పక్కనుంచి చూసి ఆ నమూనా పట్టేస్తుంది. ఇద్దరికీ లాభమే.

గుర్తింపు వచ్చింది, కూర్చునేవారేరీ?

నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. జి.ఐ. ట్యాగు అని అందరూ చెప్పుకునేది ఇదే. వేరే చోట తయారైన సరుకును ఈ పేరుతో అమ్ముకోకుండా ఇది రక్షణ ఇస్తుంది. యంత్రాల మీద నేసిన చౌక లేసుతో పోటీపడవలసిన రోజుల్లో ఇది సంతోషించదగిన విషయమే. అయితే ముద్ర సరుకుకు పడుతుంది, విద్య మాత్రం మనిషి చేతిలో ఉంటుంది. ఆ చేయి ఆగిపోతే ముద్ర వేయడానికి సరుకు ఉండదు.

ఇప్పుడు కొత్తగా కడుతున్న ఇళ్లకు అరుగులు తక్కువ. ప్రహరీ గోడ, ఇనుప గేటు వచ్చాయి. మధ్యాహ్నం నీడలో చేరే నలుగురు ఎవరి టీవీ ముందు వారు కూర్చుంటున్నారు. ఆడపిల్లలు సెల్‌ఫోనులో వీడియోలు చూసి అల్లిక నేర్చుకుంటున్నారు. అదీ మంచిదే. ఎక్కడెక్కడి నమూనాలో కళ్ల ముందుకు వస్తున్నాయి. కాని ఫోను మన చేతిలోని పువ్వును తడిమి చూడదు. "దారం బిగించి పట్టుకున్నావు, చిటికెన వేలికి ఒక చుట్టు తగ్గించు" అని చెప్పాలంటే పక్కన మనిషి ఉండాలి. ఒంటరిగా కూర్చున్న పిల్ల చక్రం మూడుసార్లు గిన్నెలా లేస్తే సూది మూల పడేస్తుంది. అదే అరుగు మీదయితే నవ్వేసి నాలుగోసారి మొదలుపెడుతుంది.

ఖర్చు లేని పని

అరుగు లేకపోతే బడి వరండా ఉంది, గుడి మండపం ఉంది, చర్చి ఆవరణ ఉంది. డ్వాక్రా సంఘం వారు నెలనెలా ఎలాగూ కూర్చుంటారు. పొదుపు లెక్కలు అయ్యాక ఒక గంట సూదులు పట్టుకుంటే ఖర్చేమీ లేదు. పెద్దవాళ్ల దగ్గర ఉన్న పాత నమూనాలు అడిగి, ఒక్కో పువ్వు అల్లి, నోటు పుస్తకంలో ఒక్కో పేజీకి ఒక్కొక్కటి కుట్టి ఉంచాలి. కింద దారం నంబరు, సూది కొలత, వరుసకెన్ని కుట్లు, అల్లడానికి ఎన్ని నిమిషాలు పట్టిందీ రాయాలి. ఒక వీధికి అటువంటి పుస్తకం ఒకటి ఉంటే నమూనా పోదు. బేరం దగ్గర చూపించడానికి చేతిలో లెక్క కూడా ఉంటుంది.

సాయంత్రం నాలుగయింది. పాలవాడి గంట వినిపించింది. ఎదురింటి కోడలు చక్రాన్ని ఒళ్లో పరిచి అరచేత్తో సాపు చేసింది. ఈసారి చదునుగా పడింది. మామ్మగారు దాన్ని తీసుకుని వెలుతురుకు పట్టి చూశారు. వేలితో వరుస లెక్కపెట్టారు.

"ముప్ఫై ఆరు. బాగుంది. రేపు నాలుగో వరుస మొదలుపెట్టు."

సూదులు దారపు ఉండల్లో గుచ్చి సంచుల్లోకి చేరాయి. రేపు మళ్లీ నీడ పడే వేళకు ఆ అరుగు మీద బడి మొదలవుతుంది. ఇంట్లో సూది ఉండి మూలన పడేసినవారు వెతికి పట్టుకుని వెళ్లి కూర్చుంటే జరిగి చోటివ్వడానికి వారు సిద్ధంగానే ఉన్నారు.