మన దేహమునందలి కావలివారు

పిల్లవాని పాదమున ముల్లు గ్రుచ్చుకొనును. మఱునాటికి ఆ చోటు ఎఱ్ఱబాఱి, వాచి, ఒక్కొక్కప్పుడు చీము పట్టును. చీమును జూచి మనము రోతపడుదుము. కాని అందులో నధికభాగము బిడ్డను రక్షించుటకై క్రిములతో బోరాడి మరణించిన తెల్లకణములే!

పెద్దవారి రక్తమున ఒక ఘనమిల్లీమీటరునకు సామాన్యముగా 4,000 మొదలు 11,000 వఱకు తెల్లకణము లుండును. ఎముకలలోని మూలుగయే వీనికి పుట్టినిల్లు. వీనిలో సగమునకు మించినవి న్యూట్రోఫిల్ అను కణములు. ముల్లు దిగినచోటికి ముందుగా బరుగిడి, క్రిములను మ్రింగి, కొలది కాలములోనే తామును నశించును. వాని వెనుక మాక్రోఫేజ్ అను పెద్దకణములు వచ్చి, మిగిలిన క్రిములను, చచ్చిన కణములను మ్రింగి, ఇల్లు ఊడ్చినట్లు ఆ చోటును శుభ్రపఱచును.

ఈ వింతను 1882లో ఇటలీదేశపు మెస్సీనా పట్టణమున మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. అద్దమువలె లోపలిభాగములు కనబడు నక్షత్రపు చేపపిల్లకు గులాబిముల్లు గ్రుచ్చి, మఱునాడు చూడగా ముల్లుచుట్టును కణములు మూగియుండెను. 1908లో ఆయనకును ఎర్లిక్ పండితునకును గలిపి నోబెల్ బహుమానము లభించినది.

ఇవి ముఖ్యముగా మ్రింగునవి. పగవానిని గుఱుతుంచుకొనునవి లింఫోసైటు లను వేఱొక తెగ. వీనిలో బి కణములు, ఆ క్రిమికే సరిపడు ప్రతిరక్షక పదార్థములను జేయును. టి కణములు ఱొమ్ములోని థైమస్ గ్రంథియందు శిక్షణ పొంది, కొన్ని ఇతర కణములను నడిపించును, కొన్ని రోగము సోకిన కణములను జంపును. క్రొత్త క్రిమి నెదుర్కొనుటకు వీనికి గొన్ని దినములు పట్టును. గెలిచిన పిమ్మట కొన్ని కణములు జ్ఞాపకముతో నిలిచియుండును.

ఆ జ్ఞాపక మెంతకాల ముండును? ఉత్తర అట్లాంటిక్ సముద్రములోని ఫారో దీవులలో 1781లో తట్టు వ్యాపించి, పిదప 65 ఏండ్లు కానరాక, 1846లో మరల వచ్చి వేలమందిని బాధించెను. బాల్యమున నది సోకిన వృద్ధులలో నొక్కరికిని మరల రాలేదని డేనిష్ వైద్యుడు పానమ్ వ్రాసెను.

రోగము రాకుండగనే ఆ జ్ఞాపకమును గలిగించునదే టీకా. గర్భమున తల్లి యిచ్చిన ప్రతిరక్షకములు బిడ్డను గొన్ని నెలలు మాత్రమే కాచును. కావుననే మనదేశమున తట్టు టీకా తొమ్మిది నెలలు నిండగనే మొదటిసారి, 16 మొదలు 24 నెలల లోపల రెండవసారి వేయుదురు. “పసివానికి జ్వరము వచ్చునేమో, పై నెల చూతము” అని జాలిపడు తల్లులు గలరు. టీకా పిదప వచ్చు కొద్దిపాటి జ్వరము తఱచుగా కణములు పాఠము నేర్చుకొనుచున్న గుఱుతు. ఎక్కువైనచో వైద్యునకు జూపవలెను. తట్టు సోకినచో, ఇతర రోగములను గూర్చి కణములు నేర్చిన జ్ఞాపకము సైతము కొంత చెఱిగిపోవునని 2019లో వెలువడిన పరిశోధనలు దెలిపినవి.

కావలివా రింటనే యున్నారు. వారికి దొంగను ముందుగా జూపుట మాత్రము మన పని. నేడే బిడ్డ టీకాల చీటి తీసి చూడుడు.