వీపు మీద నరాల దురద: మందు కొనేముందు లెక్క చూసుకోండి

భుజం రెక్క కింద, చెయ్యి అందని చోట దురద. పొక్కు లేదు, తామర లేదు. గుంజకు వీపు రాసుకుంటే తప్ప ప్రాణం నిలవదు. ఏళ్ల తరబడి రాయగా అక్కడ చర్మం నల్లబడుతుంది. ఇంట్లోవాళ్లు "రక్తం చెడింది" అంటారు. చాలామందిలో చెడేది రక్తం కాదు, నరం. వెన్ను నుంచి వీపు చర్మానికి వచ్చే నరం నలగడమే ఇందుకు కారణమని వైద్యులు భావిస్తున్నారు. సర్పి మానిన చోట కూడా ఇలాంటి దురద మిగిలిపోవచ్చు.

ఇది ప్రాణం తీసే జబ్బు కాదు. కాని నిద్రను, డబ్బును తినేస్తుంది. కనుక ఏ మందుకు ఎంత ఖర్చు, ఎంత ఫలం అన్నది తెలుసుకోవడం మంచిది.

దద్దుర్లకు వాడే సెట్రిజిన్ బిళ్లలు నరాల దురదకు అంతగా పనిచేయవు. దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది. అది తామరే అయితే ఇంకా పాకుతుంది.

గుంటూరు యార్డుకు వెళ్లే మిరపకాయలో కారమిచ్చే కాప్సైసిన్‌తో చేసిన క్రీము ఒకటి ఉంది. రోజుకు మూడు నాలుగుసార్లు, కొన్ని వారాలు రాయాలి. మొదట్లో మంట పుడుతుంది. చెమట పడితే, వేడినీళ్లు పోసుకుంటే మరీ ఎక్కువ. మానేస్తే దురద తిరిగి రావచ్చు. వీపుకు రాసే మనిషి ఇంట్లో ఉండాలి. అలాగని మిరపపొడి కలిపి పూయకండి, చర్మం బొబ్బలెక్కుతుంది.

గాబాపెంటిన్ నరాల మాత్ర. కొందరికి మేలు చేస్తుంది. అయితే మత్తు, తల తిరుగుడు ఉంటాయి. ట్రాక్టరు నడిపేవారు, రాత్రిపూట మోటారు వేయడానికి గట్ల వెంట వెళ్లేవారు, వృద్ధులు జాగ్రత్తగా ఉండాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి. డాక్టరును అడగకుండా హఠాత్తుగా ఆపరాదు.

2023లో ప్రచురితమైన ఒక విదేశీ పరీక్షలో 126 మందికి ఎనిమిది వారాలు మాత్రలిచ్చారు. దురదను పదికి లెక్కిస్తే, కొత్త మందు మింగినవారికి సుమారు 4 తగ్గింది. మందులేని ఉత్తుత్తి మాత్ర మింగినవారికీ 2కు పైగా తగ్గింది! కొంత మేలు కనిపించగానే మందు మహిమ అనుకోరాదన్నమాట.

అందుచేత మందు మొదలుపెట్టే ముందురోజు నుంచే ఒక నోటు పుస్తకంలో రోజూ పదికి దురద ఎంత, నిద్ర ఎన్ని గంటలు, ఖర్చు ఎంత అని రాయండి. నెల తర్వాత డాక్టరుకు చూపండి. తేడా లేకుంటే ఆ మందుకు డబ్బు పోయడం దండగ.

ఒళ్లంతా దురదగా ఉంటే మాత్రం ముందు షుగరు, మూత్రపిండాలు, కాలేయం పరీక్షలు చేయించుకోవాలి. ఇంటిల్లిపాదీ రాత్రిళ్లు గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. దానికి వైద్యం వేరు.